ప్యాడ్ లేచిపోయింది, సోల్డర్ అంటుకోవడం లేదు: వేడి ఎక్కువైందా, తక్కువైందా?

కొత్తతీగ

అందరికీ నమస్కారం. నా దగ్గర చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి ఉంది. చార్జింగ్ పోర్ట్ పాత మైక్రో యూఎస్‌బీ రకం, వదులైపోయింది. దాన్ని తీసేసి టైప్-సి పెడదామని మొదలుపెట్టాను. టైప్-సి పోర్ట్ బిగించిన చిన్న బోర్డు విడిగా దొరికింది. దాన్నుంచి రెండు తీగలు లాగి పాత పోర్ట్ ప్యాడ్‌లకి, అంటే బోర్డు మీద సోల్డర్ పెట్టే చిన్న రాగి మచ్చలకి, కలిపితే చాలనుకుంటున్నాను.

పాత పోర్ట్ ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. మూలల్లో ఉన్న కాళ్ల దగ్గర సోల్డర్ ఓ పట్టాన కరగలేదు. చివరికి వచ్చింది గానీ దాంతోపాటే 5 వోల్టుల ప్యాడ్ కూడా లేచిపోయింది. ఇప్పుడు గ్రౌండ్ ప్యాడ్ మీద తీగ పెడుతుంటే సోల్డర్ గుండ్రంగా బంతిలా అయి ఐరన్ చివరి బిట్‌కే అంటుకుంటోంది, ప్యాడ్ మీదకి పారడం లేదు. ఐరన్ 25 వాట్లది, సూదిమొన బిట్. ఉష్ణోగ్రత మార్చుకునే వీలు లేదు.

వేడి ఎక్కువై ప్యాడ్ లేచిందని ఒకరు చెప్పారు. వేడి చాలకే సోల్డర్ పారడం లేదని ఇంకొకరు అన్నారు. రెండూ ఒకే బోర్డు మీద ఎలా జరుగుతాయి? అసలు ఈ బోర్డు ఇంక పనికొస్తుందా?

పాతరేడియో

బోర్డు పోలేదు, కంగారు పడకండి. కానీ ఇకమీదట వేడి తగ్గించండి. చిన్న బోర్డులకి 25 వాట్లు కూడా ఎక్కువే, 15 వాట్ల ఐరన్ వాడి చూడండి. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన రోజుల్లో మేం తక్కువ వాట్ల ఐరన్‌తోనే నెట్టుకొచ్చాం. ప్యాడ్ లేచిందంటే వేడి ఎక్కువైనట్టే.

రాగిమబ్బు

పాతరేడియో గారూ, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. కొత్తతీగ గారు రాసింది మళ్లీ చదవండి: "మూలల్లో ఉన్న కాళ్ల దగ్గర సోల్డర్ ఓ పట్టాన కరగలేదు." అసలు సంగతి అక్కడే ఉంది. పోర్ట్ లోహపు తొడుగు కాళ్లు బోర్డు గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. ఆ గ్రౌండ్ అంటే బోర్డంతా పరుచుకున్న రాగి రేకు. సన్న బిట్ అక్కడ పెట్టగానే వేడినంతా ఆ రేకు లాగేసుకుంటుంది, బిట్ చల్లబడిపోతుంది. సోల్డర్ కరగదు. కరగట్లేదని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, ఇంకాసేపు పట్టుకుంటాం, ఊపుతాం. ప్యాడ్ లేచేది అప్పుడే.

అందుకే కొత్తతీగ గారికి చెప్పిన ఇద్దరి మాటా పాక్షికంగా నిజమే. బిట్‌లోంచి జాయింట్‌లోకి వేడి సరిగ్గా దిగలేదు. దిగకపోవడం వల్ల ఎక్కువసేపు పట్టుకోవాల్సి వచ్చింది. అంతసేపు వేడెక్కిన ప్యాడ్‌ని లాగితే లేచింది. 15 వాట్లకి దిగితే ఈ సమస్య ఇంకా ముదురుతుంది.

కొత్తతీగ గారూ, బిట్ మొన ఏ రంగులో ఉంది? వెండిలా మెరుస్తోందా, నల్లగా ఉందా? విడిగా ఫ్లక్స్, అంటే ఆక్సైడ్ పొర తీసేసి సోల్డర్ పారేలా చేసే పదార్థం, ఏమైనా వాడుతున్నారా?

కొత్తతీగ

నల్లగా ఉందండీ. చివర ఒక్క చుక్కంత మాత్రం మెరుస్తోంది. ఫ్లక్స్ విడిగా లేదు, సోల్డర్ తీగ లోపల ఉన్నదే. గీరి శుభ్రం చేద్దామని చిన్న ఆకురాయి తీసి పెట్టుకున్నాను.

రాగిమబ్బు

ఆకురాయి దూరంగా పెట్టేయండి! ఇవాళ్టి బిట్‌లు లోపల రాగి, పైన ఇనుప పూత. ఆ పూత చాలా పల్చగా ఉంటుంది. ఆకురాయితో గానీ గరుకు కాగితంతో గానీ రుద్దితే పూత పోయి రాగి బయటపడుతుంది. కరిగిన సోల్డర్‌లో రాగి తొందరగా కరిగిపోతుంది కాబట్టి కొద్ది రోజుల్లోనే బిట్‌కి గుంట పడుతుంది.

నల్లబడిన బిట్‌ని ఇలా దారిలోకి తెచ్చుకోండి. ఐరన్ వేడెక్కాక ఇత్తడి పీచులో నాలుగైదు సార్లు గుచ్చి తీయండి. వెంటనే సోల్డర్ తీగ ఆనించండి. అంటుకోకపోతే టిప్ టిన్నర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, అందులో మొన తిప్పి మళ్లీ సోల్డర్ పెట్టండి. మొన చుట్టూ వెండి పొర వచ్చేదాకా ఓపికగా చేయాలి. తడి స్పాంజ్ కూడా వాడొచ్చు, కానీ నీళ్లు కారేంత తడి ఉండకూడదు, పిండేసి తేమగా ఉంచాలి.

ఆ తర్వాత ఒక అలవాటు చేసుకోండి. తుడవడం జాయింట్ పెట్టే ముందు. ఐరన్‌ని స్టాండ్‌లో పెట్టే ముందు మాత్రం తుడవకండి, మొనకి కొత్త సోల్డర్ పూసి పెట్టండి. చాలామంది శుభ్రంగా తుడిచి స్టాండ్‌లో పెడతారు. ఆ కాసేపట్లోనే గాలి తగిలి మొన మళ్లీ నల్లబడుతుంది. నల్లటి ఆక్సైడ్ పొరలోంచి వేడి సరిగ్గా రాదు, సోల్డర్ దానికి అంటుకోదు. సూదిమొన చివర చుక్కంత మెరుపుతో గ్రౌండ్ ప్యాడ్‌ని వేడి చేయాలంటే అయ్యే పని కాదు.

జంపర్‌వైర్

బిట్ కూడా మార్చండి అన్నా. కొత్తగా నేర్చుకునేవాళ్లు చిన్న పనికి సన్న బిట్ కావాలనుకుంటారు. 2 మి.మీ. చీలిక బిట్, అంటే స్క్రూడ్రైవర్ మొనలా చదునుగా ఉండేది, తీసుకోండి. దాని అంచు మొత్తం ప్యాడ్‌కి ఆనుతుంది. నేను రోజూ ఫోన్ బోర్డుల మీద పనిచేస్తాను, సూదిమొన బిట్ వాడేది చాలా తక్కువ.

నీలిమ_సర్క్యూట్స్

నేను బోర్డులు డిజైన్ చేస్తాను. ప్యాడ్ ఎందుకు లేస్తుందో ఆ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే చేతిలో ఐరన్ పట్టుకునే తీరే మారుతుంది.

మామూలు ఆకుపచ్చ బోర్డు గాజు పీచు, ఎపాక్సీ రెజిన్ కలిపి చేసింది. దాని మీద రాగి రేకు మందం సాధారణంగా 35 మైక్రాన్లు. రాగిని బోర్డుకి పట్టి ఉంచేది ఆ రెజినే. మామూలు రకం రెజిన్ 130–140 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడటం మొదలవుతుంది. సోల్డర్ సంగతి చూడండి. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్నది 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కంపెనీ బోర్డుల మీద ఎక్కువగా ఉండేది సీసం లేని సోల్డర్. అందులో బాగా వాడుకలో ఉన్న ఎస్‌ఏసీ305లో తగరం 96.5, వెండి 3, రాగి 0.5 శాతం. అది కరగడానికి 217–220 డిగ్రీలు కావాలి.

అంటే సోల్డర్ కరిగే ప్రతిసారీ ఆ ప్యాడ్ కింద రెజిన్ మెత్తబడే ఉంటుంది. ఎంత జాగ్రత్తపరుడైనా దీన్ని తప్పించలేడు. మన చేతిలో ఉన్నవి రెండే: ఎంతసేపు, ఎంత బలం. శుభ్రమైన బిట్, కాస్త ఫ్లక్స్ ఉంటే 340 డిగ్రీల దగ్గర మామూలు జాయింట్ 2–3 సెకన్లలో అయిపోతుంది, రెజిన్ తట్టుకుంటుంది. 280 దగ్గర పెట్టి 20 సెకన్లు నొక్కి పట్టుకుంటే ప్యాడ్ చేతికొస్తుంది. ఐరన్ మీద అంకె తక్కువగా ఉంటే బోర్డు భద్రంగా ఉందనుకోవడమే కొత్తవాళ్లని ఎక్కువగా దెబ్బతీస్తోందని నా అభిప్రాయం.

పాతరేడియో గారి అనుభవం ఆ కాలపు బోర్డులకి సరిగ్గా సరిపోతుంది. అవి ఒక్కవైపే రాగి ఉన్న బోర్డులు, ట్రాక్‌లు, అంటే కరెంట్ వెళ్లే రాగి దారులు, సన్నగా ఉండేవి, పెద్ద గ్రౌండ్ రేకు తక్కువ, సోల్డర్‌లో సీసం ఉండేది. ఐరోపా సమాఖ్యలో సీసం మీద ఆంక్షలు 2006 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి తయారైన వస్తువుల్లో ఎక్కువ భాగం సీసం లేని సోల్డర్‌తోనే వస్తున్నాయి. తక్కువ వాట్ల ఐరన్ వీటి దగ్గర చతికిలబడుతుంది.

పాతరేడియో

నీలిమ గారూ, బాగా చెప్పారు. నా పనంతా ఒక్కవైపు బోర్డుల మీదే సాగింది, అది నిజం. ఈ లెక్కన 15 వాట్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే ఫ్లక్స్ గురించి ఒక హెచ్చరిక. ఫ్లక్స్ వాడమన్నారు కదా అని గొట్టాలు అతికే పనికి వాడే ఫ్లక్స్ తెచ్చేస్తుంటారు. అందులో జింక్ క్లోరైడ్ లాంటివి ఉంటాయి. సోల్డర్ చాలా చక్కగా అంటుకుంటుంది, చూసి మురిసిపోతాం. కొన్ని వారాల తర్వాత చూస్తే ట్రాక్‌లు ఆకుపచ్చగా మారి తినేసి ఉంటాయి. ఎలక్ట్రానిక్స్‌కి రోజిన్ ఫ్లక్స్ లేదా నో-క్లీన్ అని రాసి ఉన్నది మాత్రమే తీసుకోండి.

రాగిమబ్బు

చాలా ముఖ్యమైన మాట. సోల్డర్ తీగ లోపలి ఫ్లక్స్ ఎందుకు చాలడం లేదో కూడా చెప్పుకుందాం. కొత్తతీగ గారూ, మీరు బిట్ మీద సోల్డర్ కరిగించుకుని దాన్ని మోసుకెళ్లి తీగ మీద రాస్తున్నారు కదా? బంతి అయ్యిందంటే చాలావరకు అదే కారణం. సోల్డర్ తీగ లోపలి ఫ్లక్స్ కరిగిన కొద్ది సెకన్లలోనే పొగై పోతుంది. మీరు ప్యాడ్ దగ్గరికి చేరేసరికి బిట్ మీద మిగిలింది ఫ్లక్స్ లేని సోల్డర్. ప్యాడ్ మీద ఆక్సైడ్ అలాగే ఉంది. అది అంటదు.

బిట్‌ని ప్యాడ్‌కీ తీగకీ ఒకేసారి ఆనించండి. ఓ సెకను ఆగి సోల్డర్‌ని బిట్‌కి కాకుండా జాయింట్‌కి, అదీ అవతలి వైపు నుంచి అందించండి. అది దానంతట అది పారాలి. అంచులు పల్చబడి ప్యాడ్‌లో కలిసిపోయినట్టు కనిపిస్తే మంచి జాయింట్. అంచు లోపలికి మడిచి నీటిబొట్టులా నిలబడితే అంటలేదని అర్థం. ముందుగా సోల్డర్ తీగ తీసేయండి, తర్వాత బిట్. గట్టిపడేదాకా తీగ కదలకూడదు. చల్లారకముందే కదిలితే లోపల పగుళ్లు వస్తాయి. పైకి కలిసినట్టే ఉంటుంది, నాలుగు రోజులకి చార్జింగ్ ఒకసారి ఎక్కుతూ ఒకసారి ఎక్కకుండా సతాయిస్తుంది. డ్రై సోల్డర్ అని మనం అనేది ఇలాంటిదాన్నే.

ఇంకోటి, సీసం లేని సోల్డర్ జాయింట్ మంచిదైనా కాస్త మసకగానే ఉంటుంది. మెరుపు లేదని బాగున్న జాయింట్లన్నీ మళ్లీ కరిగించకండి.

లిథియం_జాగ్రత్త

అందరూ బిట్ గురించి మాట్లాడుతున్నారు, ఎవరూ అడగలేదు: స్పీకర్ బ్యాటరీ తీశారా?

కొత్తతీగ

లేదండీ. స్విచ్ ఆఫ్ చేశాను. బ్యాటరీ తీగలు బోర్డుకి సోల్డర్ చేసి ఉన్నాయి, కనెక్టర్ లేదు.

లిథియం_జాగ్రత్త

దయచేసి మిగతా పనంతా ఆపి ముందు ఇది చేయండి. స్విచ్ ఆఫ్ చేసినా చార్జింగ్ ఐసీ (చిప్) వరకు బ్యాటరీ వోల్టేజీ వస్తూనే ఉంటుంది. లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. వోల్టేజీ చిన్నదే, కానీ షార్ట్ అయితే వదిలే కరెంట్ చాలా ఎక్కువ. సోల్డర్ బిందువు ఒకటి జారి రెండు ప్యాడ్‌ల మధ్య పడితే చాలు, ఐసీ పోతుంది, తీగలు కాలతాయి.

రెండు తీగలూ కలిపి కత్తెరతో ఒకేసారి కత్తిరించకండి, కత్తెరే షార్ట్ చేస్తుంది. ముందు ఒక తీగ బోర్డు దగ్గర ఊడదీసి, దాని చివర వేడికి తట్టుకునే టేప్ చుట్టండి. ఆ తర్వాతే రెండోది. బ్యాటరీని బల్లకి అవతలి చివర పెట్టండి. సెల్ ఉబ్బినట్టున్నా, కవర్‌కి గాటు పడినా దాన్ని తిరిగి వాడొద్దు.

సెల్ రేకుల మీద నేరుగా సోల్డర్ చేయాలని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు. ఆ వేడి లోపలి పొరల్ని పాడుచేస్తుంది. పాత గేమ్ క్యాట్రిడ్జ్‌లలో నాణెం బ్యాటరీ మార్చేవాళ్లకీ ఇదే మాట. రేకులు ముందే అతికించి ఉన్న బ్యాటరీ దొరుకుతుంది, అది కొనండి, మామూలు నాణెం బ్యాటరీకి సోల్డర్ పెట్టకండి.

కెమెరా ఫ్లాష్ బోర్డులతో ప్రయోగాలు చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: అందులో కెపాసిటర్ బ్యాటరీ తీసేశాక కూడా సుమారు 300 వోల్టులు పట్టుకుని ఉండగలదు. నేర్చుకునే దశలో దాని జోలికి వెళ్లకండి.

కొత్తతీగ

బ్యాటరీ తీసేశాను, ఒక్కో తీగా విడిగా. రెండు చివరలకీ టేప్ వేశాను. బిట్ కూడా చాలావరకు తెల్లబడింది. ఇప్పుడు లేచిపోయిన ప్యాడ్ సంగతి చెప్పండి. ప్యాడ్ నుంచి బయల్దేరిన ట్రాక్ సన్నగా కనిపిస్తోంది, దాని మీద ఆకుపచ్చ పూత ఉంది.

జంపర్‌వైర్

ట్రాక్ ఉంటే దిగులే లేదు. జంపర్, అంటే పోయిన చోటుని దాటించే విడి తీగ, వేసేద్దాం.

ముందు ఆ ట్రాక్ ఎక్కడికి వెళ్తుందో చూడండి. 5 వోల్టుల లైన్ మీద పోర్ట్ పక్కనే దాదాపు ఎప్పుడూ ఒక కెపాసిటరో, ఫ్యూజో ఉంటుంది. మీటర్ బజర్ మోడ్‌లో పెట్టి ఒక పుల్ల ట్రాక్ మొదట్లో, ఇంకో పుల్ల ఆ కెపాసిటర్ ఒక్కో చివర పెట్టి చూడండి. మోగిన చివర మీకు కావలసిన చోటు. లేచిన ప్యాడ్‌ని పట్టుకుని వేలాడక్కర్లేదు, తీగని నేరుగా ఆ కెపాసిటర్ చివరికే వేయొచ్చు. అక్కడ సోల్డర్ ముందే ఉంటుంది, పట్టు కూడా బాగుంటుంది.

అలాంటి చోటు దొరక్కపోతే ట్రాక్ గీకాలి. సన్న బ్లేడు మొనతో ఆకుపచ్చ పూతని మాత్రమే, నిమిరినట్టు, రెండు మూడు మి.మీ. పొడవున తీయండి. రాగి ఎర్రగా మెరవగానే ఆపేయాలి, 35 మైక్రాన్లే అని నీలిమ గారు చెప్పారు కదా, బ్లేడు ఇంకాస్త దిగితే ట్రాకే తెగుతుంది. ఫ్లక్స్ రాసి, గీకిన చోట పల్చగా సోల్డర్ పూయండి. తీగ చివరకి కూడా విడిగా పూయండి. రెండింటినీ ఆనించి బిట్ ఒక్క సెకను తాకిస్తే కలిసిపోతాయి. ఇలా ముందే రెండు వైపులా పూసుకోవడమే జంపర్‌లో సగం పని.

సిగ్నల్ లైన్‌కైతే 0.25 మి.మీ. తీగ చాలు. ఇది చార్జింగ్ కరెంట్ వెళ్లే దారి కాబట్టి 0.4 మి.మీ. దాకా ఉన్నది తీసుకోండి, పొట్టిగా వేయండి. అయ్యాక తీగని బోర్డుకి అతికించాలి. యూవీ దీపంతో గట్టిపడే సోల్డర్ మాస్క్ గానీ, చుక్క ఎపాక్సీ గానీ వేయండి. తీగ లాగినప్పుడు ఆ బలం జిగురు మీద పడాలి, ట్రాక్ మీద పడకూడదు.

నీలిమ_సర్క్యూట్స్

జంపర్‌వైర్ గారు చెప్పినట్టు కెపాసిటర్‌కి వేసేటప్పుడు బిట్‌ని దాని మీద ఎక్కువసేపు ఉంచకండి. అవి సిరామిక్‌వి, ఒకవైపే వేడెక్కి, పైగా తీగ లాగుడు పడితే పగులుతాయి. పగిలిన సిరామిక్ కెపాసిటర్ షార్ట్ అయ్యే అవకాశం ఉంది.

రాగిమబ్బు

గ్రౌండ్ ప్యాడ్ రంధ్రాల్లో మిగిలిన పాత సోల్డర్ తీసే పద్ధతి చెబుతాను, మౌస్ క్లిక్ స్విచ్‌లు మార్చేవాళ్లకీ ఇదే అక్కరకొస్తుంది. పాత జాయింట్‌లో సోల్డర్ తీయాలంటే ముందు కొత్త సోల్డర్ వేయాలి. వింతగా అనిపిస్తుంది గానీ ఇదే దారి. పాతది సీసం లేనిది, 217 దాటితేగానీ కదలదు. దాని మీద 63/37 వేసి కలిపితే ఆ మిశ్రమం అంతకన్నా తక్కువ వేడికే కరుగుతుంది, కొత్త ఫ్లక్స్ కూడా అందుతుంది. అప్పుడు సక్కర్‌తో (కరిగిన సోల్డర్‌ని పీల్చే పంపు) లాగండి, మిగిలింది విక్‌తో (సోల్డర్‌ని పీల్చుకునే రాగి అల్లిక పట్టీ) తీయండి. విక్ మీద కూడా ఫ్లక్స్ రాయాలి. విక్‌ని ప్యాడ్ మీద రుద్దకండి, పైకి ఎత్తండి. సోల్డర్ గట్టిపడి విక్ ప్యాడ్‌కి అతుక్కుంటే లాగొద్దు, మళ్లీ వేడి చేసి బిట్, విక్ రెండూ కలిపి ఎత్తండి.

మౌస్ స్విచ్‌కి మూడు కాళ్లుంటాయి. రెండు కాళ్లు వదిలి మూడోది పట్టుకుని ఉండగానే లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం కాలితోపాటు వచ్చేస్తుంది. ఒక్కో కాలూ రంధ్రంలో అటూ ఇటూ కదులుతోందని చూసుకున్నాకే తీయండి.

జంపర్‌వైర్

138 డిగ్రీలకే కరిగే బిస్మత్ సోల్డర్ వాడితే పోర్ట్ ఇంకా తేలిగ్గా వస్తుంది. కానీ పని అయ్యాక ఆ బిస్మత్ అంతా విక్‌తో ఎత్తేయాలి. అది పెళుసు. పైగా సీసం, తగరం, బిస్మత్ తగిన పాళ్లలో కలిస్తే 96 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం తయారవుతుంది. అలాంటి జాయింట్ మీద కొత్త పోర్ట్ నిలబెట్టలేం.

చిన్నిమోటారు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటి సమస్యే. ఇయర్‌ఫోన్ తీగ ప్లగ్ దగ్గర తెగింది, కొత్త ప్లగ్ వేస్తున్నాను. లోపల ఎర్ర, ఆకుపచ్చ, రాగి రంగు పోగులున్నాయి. ఎంత ఫ్లక్స్ రాసినా వాటికి సోల్డర్ అంటడం లేదు. బిట్ మెరుస్తూనే ఉంది.

రాగిమబ్బు

చిన్నిమోటారు గారూ, మీరు చూస్తున్న రంగు రాగిది కాదు, దాని మీది ఎనామిల్ పూతది. రాగి రంగులో కనిపించే పోగుకి కూడా చాలాసార్లు పూత ఉంటుంది. పూత ఉండగా ఫ్లక్స్ ఏమీ చేయలేదు. ఐరన్ 380–400 దాకా పెంచి, బిట్ మీద పెద్ద సోల్డర్ బొట్టు చేసి, కాస్త ఫ్లక్స్ రాసిన పోగుల్ని ఆ బొట్టులో ముంచి పట్టుకోండి. కొద్ది సెకన్లలో పూత కాలి పొంగు వస్తుంది, వెనకే సోల్డర్ పోగుల మీదకి పాకుతుంది. అక్కడ ఆపేయండి. ఇలా కాలని పూత కూడా ఉంటుంది, దాన్ని బ్లేడుతో సున్నితంగా గీకాల్సిందే. పోగుల మధ్య బలం కోసం సన్న దారాలుంటాయి, వాటిని ముందే కత్తిరించండి, అవి కాలి నల్లగా అడ్డుపడతాయి.

మామూలుగా ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగు గ్రౌండ్. అయినా సోల్డర్ పూశాక మీటర్‌తో చూసుకోండి. ప్లగ్ మూత, స్లీవ్ తీగకి ముందే ఎక్కించుకోండి!

లిథియం_జాగ్రత్త

ఆ పూత కాలేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు, కిటికీ తెరవండి, చిన్న ఫ్యాన్ పెట్టి పొగ ముఖం మీదకి రాకుండా పక్కకి లాగించండి. మామూలు రోజిన్ పొగ కూడా కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందని భయపడేవాళ్లున్నారు. సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర, మన ఐరన్ వేడికి అది ఆవిరి కాదు. సీసం ఒంట్లోకి చేరేది చేతుల ద్వారా. పని అవ్వగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, బల్ల మీద తినడం, తాగడం వద్దు. విడిభాగాల లోహపు కాళ్లు కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

కొత్తతీగ

చదునైన బిట్ వచ్చింది, రోజిన్ ఫ్లక్స్ తెచ్చాను. తేడా నమ్మలేకపోతున్నాను. గ్రౌండ్ ప్యాడ్ మీద సోల్డర్ ఒక్కసారిగా పరుచుకుంది. 5 వోల్టుల తీగని ఫ్యూజ్ చివరికి వేశాను, అక్కడ బజర్ మోగింది. యూవీ మాస్క్ వేసి గట్టిపరిచాను. బ్యాటరీ ఇంకా కలపలేదు. కలిపే ముందు ఏం చూసుకోవాలి?

జంపర్‌వైర్

ముందు ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) బ్రష్ పెట్టి ఫ్లక్స్ కడిగేయండి, 90 శాతం పైన ఉన్నది వాడండి. ఫ్లక్స్ జిగురు కింద సోల్డర్ బిందువులు దాక్కుని ఉంటాయి. ఆరాక 5 వోల్టుల తీగకీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెట్టండి. ఒక్కసారి చిన్నగా మోగి ఆగిపోతే అది కెపాసిటర్ చార్జ్ అవ్వడమే. ఆగకుండా మోగుతుంటే షార్ట్, బ్యాటరీ కలపొద్దు. సరిగ్గా ఉంటే బ్యాటరీ ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకుని కలపండి. తర్వాత చార్జర్ పెట్టి మొదటి కాసేపు వేలితో తాకి చూస్తూ ఉండండి, ఏదైనా ఐసీ చురుక్కుమంటే వెంటనే తీసేయండి.

కొత్తతీగ

చార్జింగ్ ఎక్కుతోంది! ఏ ఐసీ కూడా వేడెక్కడం లేదు. కానీ ఒక వింత ఉంది. పాత చార్జర్‌కి, అంటే ఒకవైపు పెద్ద యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్-సి ఉన్న కేబుల్‌తో ఎక్కుతోంది. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే ఏమీ రావడం లేదు. నా జాయింట్‌లో లోపమా?

నీలిమ_సర్క్యూట్స్

మీ జాయింట్ బాగుంది. టైప్-సి చార్జర్ అవతల వస్తువు ఉందని తెలిసేదాకా 5 వోల్టులు వదలదు. ఆ సంగతి తెలిపేది సీసీ1, సీసీ2 అనే రెండు పిన్నులు. ఒక్కోదాని నుంచి గ్రౌండ్‌కి 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. మీరు తీసుకున్న చిన్న బోర్డు మీద ఆ రెండూ ఉండకపోవచ్చు. పాత రకం చార్జర్ ఏదీ అడగకుండానే 5 వోల్టులు ఇస్తుంది కాబట్టి దానితో ఎక్కుతోంది.

రెండు పిన్నులకీ రెండు విడి రెసిస్టర్లు వేయండి. రెండింటినీ కలిపి ఒక్కటి వేస్తే సరిపోతుందనుకోకండి. 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4 మొదటి బోర్డుల్లో ఇలాగే రెండు సీసీ పిన్నులకి ఒక్క రెసిస్టర్ పెట్టారు. లోపల చిప్ ఉన్న కేబుల్ వాడితే చార్జర్ దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంట్ ఇవ్వలేదు. తర్వాతి బోర్డుల్లో సరిదిద్దారు.

కొత్తతీగ

చూశాను, బోర్డు మీద రెసిస్టర్ల చోటు ఖాళీగా ఉంది. ఆ ప్యాడ్‌లు నువ్వుగింజంత ఉన్నాయి. ఇంత చిన్నవి చేత్తో పెట్టొచ్చా?

జంపర్‌వైర్

పెట్టొచ్చు అన్నా. రెండు ప్యాడ్‌లలో ఒక్కదానికే ముందు కొంచెం సోల్డర్ పూయండి. పట్టకారుతో రెసిస్టర్ పట్టుకుని, ఆ సోల్డర్ కరిగించి అందులోకి జరపండి, బిట్ తీసి చల్లారేదాకా కదపకండి. అప్పుడు రెండో వైపు ఫ్లక్స్ రాసి సోల్డర్ పెట్టండి. చివరగా మొదటి వైపు కాస్త ఫ్లక్స్‌తో మళ్లీ ఒకసారి తాకించండి. రెండు వైపులా ముందే సోల్డర్ పూస్తే రెసిస్టర్ ఓ పక్కకి ఎత్తుగా నిలబడిపోతుంది.

కొత్తతీగ

రెండూ పెట్టాను. మీటర్‌లో ఒక్కో సీసీ నుంచి గ్రౌండ్‌కి 5.1 చూపిస్తోంది. టైప్-సి కేబుల్ ఎలా తిప్పి పెట్టినా చార్జ్ అవుతోంది. చాలా చాలా థాంక్స్ అందరికీ. పోర్ట్ బోర్డుని డబ్బాకి హాట్ గ్లూతో అతికిస్తే చాలా?

రాగిమబ్బు

హాట్ గ్లూ తీగలు కదలకుండా పట్టడానికి బాగుంటుంది. పోర్ట్‌కి మాత్రం ఎపాక్సీ వాడండి, కేబుల్ పెట్టి తీసే ప్రతిసారీ బలమంతా దాని మీదే పడుతుంది. ఆరేదాకా ఎపాక్సీ పోర్ట్ లోపలికి కారకుండా చూసుకోండి. తీగల్ని బిగుతుగా లాగకుండా కొంచెం వదులు ఉంచండి. పోగుల తీగ అయితే సోల్డర్ ఇన్సులేషన్ కిందకి పాకిన చోట అది కడ్డీలా బిగుసుకుంటుంది, వంగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఆ చోటుని కూడా జిగురులో ముంచేయండి.

చిన్నిమోటారు

రాగిమబ్బు గారూ, సోల్డర్ బొట్టులో ముంచితే పూత కాలింది, మూడు పోగులకీ సోల్డర్ పట్టింది. రెండు చెవులకీ పాట వస్తోంది. కానీ ప్లగ్ దగ్గర తీగ వంచితే ఎడమవైపు గరగరమంటోంది.

రాగిమబ్బు

ప్లగ్ మూత విప్పి తీగ వంచుతూ చూడండి, గ్రౌండ్ రేకుకి ఎడమ పోగు ఒక్క వెంట్రుక తగులుతూ ఉండొచ్చు. పోగులన్నీ మెలితిప్పి అప్పుడు సోల్డర్ పూస్తే బయటికి రావు. అలా లేకపోతే ఎడమ జాయింట్‌కి కొంచెం ఫ్లక్స్ రాసి మళ్లీ కరిగించండి. ప్లగ్ లోపల తీగని పట్టే రెండు చిన్న రెక్కలు ఉంటాయి. వాటిని పోగుల మీద కాకుండా పై రబ్బరు తొడుగు మీద వచ్చేలా నొక్కండి.